రుజువు దొరికేదాకా బిడ్డను వదిలేద్దామా?

ఆయా మీద అనుమానంగా ఉందని ఎవరితోనైనా అని చూడండి. వియ్యపురాలి దగ్గర్నుంచి ఆఫీసులో పక్క సీటు ఆవిడ దాకా అందరిదీ ఒకటే మాట: ‘కెమెరా పెట్టండి. ఆమెకు తెలియకుండా పెట్టండి. రుజువు దొరికాక మాట్లాడండి.’ కొండాపూర్, మణికొండ, మియాపూర్ అపార్టుమెంట్లలో ఈ సలహాకు ఇప్పుడు తిరుగులేదు. బారసాలకు ముందే కెమెరా గోడెక్కిన ఇళ్లున్నాయి. ఈ సలహా తప్పు, అంతకంటే ముఖ్యంగా ప్రమాదకరం అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

దాన్ని పాటించడమంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. ఒక మనిషి మన పసిబిడ్డను కొడుతోందేమోనని భయం పుట్టింది. రేపు పొద్దున మళ్లీ ఆ మనిషి చేతికే బిడ్డను ఇచ్చి, ఆఫీసుకు వెళ్లి, ఆమె ఎప్పుడు చెయ్యెత్తుతుందా అని ఫోన్లో కాచుకుని కూర్చోవాలి. చెయ్యెత్తితే రుజువు దొరికినట్టు. అంటే ఆ రుజువు మన బిడ్డ తిన్న దెబ్బతో వస్తుంది. పులి కోసం మేకపిల్లను గుంజకు కట్టడానికీ దీనికీ తేడా ఏముంది? ప్రాణంగా పెంచుకుంటున్న తల్లిదండ్రులే, మంచి చేస్తున్నామనుకుంటూ, వారాల తరబడి ఈ పని చేస్తున్నారు.

రుజువు కావలసింది కోర్టుకు. శిక్ష వేసేవాళ్లకు అది ఉండి తీరాలి. బిడ్డను ఎవరి చేతిలో పెట్టాలో తేల్చుకోవడానికి అమ్మానాన్నలకు రుజువు అక్కర్లేదు. మనసు ఒప్పుకోకపోతే చాలు. పనిచేసిన రోజులకు జీతం లెక్కగట్టి ఇచ్చి, దొంగ అనో రాక్షసి అనో పేరు పెట్టకుండా, మర్యాదగా పంపించేయవచ్చు. అనుమానం తప్పే అయితే ఆమెకు ఇంకో ఇల్లు దొరుకుతుంది.

పైగా కెమెరా చూపించేది ఎంత? ఒక స్నేహితురాలు మధ్యాహ్నం భోజనాల దగ్గర తన ఫోన్ తెరిచి నాకు చూపించింది. హాలు, సోఫా, కింద బొమ్మల చాప. ఆయా కెమెరాకు వీపు పెట్టి కూర్చుంది. ఆమె ఒడిలోంచి పది నెలల పిల్లాడి పాదాలు రెండూ బయటికి కనిపిస్తున్నాయి. గిన్నెలో ఏముందో, చెంచా ఎంత గట్టిగా నోట్లోకి వెళుతోందో, పిల్లాడు మింగుతున్నాడో పొలమారుతున్నాడో ఏమీ తెలియదు. ‘చూడు, తింటున్నాడు’ అని నిశ్చింతగా ఫోన్ పక్కన పెట్టింది. నాకు ఆ నిశ్చింతను చూస్తేనే భయమేసింది.

కెమెరాకు కనపడనిది బిడ్డ ఒంటి మీద కనపడుతుంది. సాయంత్రం ఇంటికి రాగానే స్నానం మనమే చేయిస్తే, ఆ పది నిమిషాల్లో తెలిసేది రోజంతా ఫోన్లో చూసినా తెలియదు. పట్టుకుని నడవడం కూడా రాని పసికందుకు ఒళ్లు కమలడం చాలా అరుదు. నడక నేర్చే పిల్లలకు నుదుటి మీద, మోకాళ్ల కింద దెబ్బలు మామూలే. కానీ నాలుగేళ్లలోపు బిడ్డకు చెవి, మెడ, ఛాతీ, వీపు, పొట్ట మీద కమిలిన మచ్చ ఉంటే పిల్లల డాక్టర్లు దాన్ని తేలిగ్గా తీసుకోరు. కారణం లేకుండా వాంతులు చేసుకుంటూ, మత్తుగా, పిలిస్తే కళ్లు తెరవనట్టు ఉంటే తలకు దెబ్బ తగిలిందేమో, బిడ్డను గట్టిగా కుదిపారేమో అని అనుమానించాలి. అప్పుడు పాత వీడియోలు వెనక్కి తిప్పి చూస్తూ కూర్చోకూడదు, నేరుగా ఆసుపత్రికి పరుగెత్తాలి.

మధ్యాహ్నం నిద్ర ఉన్నట్టుండి రెండింతలైనా ఆలోచించాల్సిందే. పిల్లలు పడుకోవాలని జలుబు మందు పట్టించడం కొత్తగా పుట్టిన దుర్మార్గం కాదు, చాలా ఇళ్లలో పెద్దవాళ్లకే ఉన్న అలవాటు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన మందులు నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని లేబుల్ మీద రాయాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023లోనే చెప్పింది. ఆ సీసా ఫ్రిజ్ మీద చేతికందేలా పెట్టి, నిద్రపోతున్న బిడ్డను కెమెరాలో చూసి మురిసిపోతే ఏం లాభం? మందులు బీరువాలో పెట్టి తాళం వేయాలి.

ఇంకో సంగతి. అనుమానాలన్నీ ఒక రకం కావు. ఎనిమిది తొమ్మిది నెలల బిడ్డ అమ్మను వదిలేటప్పుడు గుక్కపట్టి ఏడవడం ఆ వయసుకు సహజం, అది ఆయా తప్పు కాదు. కానీ ఆమె చెయ్యి పైకి లేవగానే బిడ్డ ముఖం దాచుకుంటే సంగతి వేరు. ఫోన్లో మునిగిపోవడం, టీవీ ముందు కూర్చోబెట్టి తినిపించడం వంటివి ఆరోజే ఎదురుగా చెప్పుకోవలసిన మాటలు. ‘చూడమ్మా, బాబు మెలకువగా ఉన్నంతసేపూ ఫోన్ వద్దు, వాడు పడుకున్నాక నీ ఇష్టం’ అంటే సరిపోయేదానికి, నెల రోజులు రహస్యంగా చూసి, లెక్కలు రాసుకుని, ఒక ఆదివారం పొద్దున ఆమెను నిలబెట్టి చదివి వినిపించే ఇళ్లు నాకు తెలుసు. ఆ నెలంతా టీవీ ముందు కూర్చున్నది ఎవరి బిడ్డ?

ఇరవై నాలుగు గంటల ఆయా అని పెట్టుకుంటాం. రాత్రి మూడుసార్లు లేచి పాలు కలిపిన మనిషి పగలంతా ఎత్తుకుని తిరగాలి. నెలకు రెండు సెలవులడిగితే ముఖం మాడ్చుకుంటాం. నెలల బిడ్డలను కుదిపేయడం ఎక్కువగా జరిగేది ఎంతకీ ఆగని ఏడుపు దగ్గరే, ఓపిక అయిపోయిన చేతుల్లోనే. కన్నవాళ్ల చేతుల్లోనూ జరుగుతుంది. కాబట్టి మొదటి రోజే చెప్పాలి: ‘వాడు ఏడుపు ఆపకపోతే మంచంలో పడుకోబెట్టి, పక్క గదిలోకి వెళ్లి నాకు ఫోన్ చెయ్యి. నిన్నేమీ అనను.’ ఈ ఒక్క మాట చేసే మేలు ఏ కెమెరా చేయలేదు. పైగా ఆమె పడుకునేదీ బట్టలు మార్చుకునేదీ చాలా ఇళ్లలో పిల్లల గదిలోనే. అక్కడ రహస్యంగా కెమెరా పెట్టి ఆమెను ఆ స్థితిలో చిత్రీకరిస్తే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం మనదవుతుంది.

కెమెరాల వల్లే బయటపడ్డ ఘోరాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి, ఆ దృశ్యాలు చూసి నేనూ నిద్రపోలేదు. కానీ వాటిలో ప్రతిదీ బిడ్డకు జరగకూడనిది జరిగిపోయాక దొరికిందే. ఆమెకు చెప్పి, హాల్లో పెట్టే కెమెరాకు నేను అడ్డు చెప్పను. అది ఉంది కదా అని మనం చూడడం మానేస్తేనే నా అభ్యంతరం. చెప్పకుండా మధ్యాహ్నం రెండింటికి ఇంటికి రండి. 2017 సవరణతో ప్రసూతి ప్రయోజన చట్టంలోకి వచ్చి, ఇప్పుడు సామాజిక భద్రతా స్మృతిలో కొనసాగుతున్న నిబంధన ప్రకారం 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. హైటెక్ సిటీలో ఆ హక్కును నోరు తెరిచి అడగడానికి జంకే తల్లులు కెమెరా చందా మాత్రం నెలనెలా కడుతున్నారు.

‘ఈమె పోతే ఇంకొకరు దొరకరు’ అన్న భయం నిజమే. ఏజెన్సీకి కమీషన్ కట్టి, మళ్లీ కొత్త మనిషికి బిడ్డను అలవాటు చేయడం నరకం. ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టాలి, లేదా ఊళ్లోంచి అమ్మమ్మనో నానమ్మనో పిలవాలి. అయినా ఆ ఇబ్బంది పడవలసింది మనం, బిడ్డ కాదు.

కొట్టిందనో, అంతకంటే ఘోరం జరిగిందనో తెలిస్తే ముందు డాక్టరు దగ్గరికి, ఆ వెంటనే పోలీసుల దగ్గరికి, లేదా 1098కి ఫోన్. బిడ్డ సంరక్షణ చేతిలో ఉన్నవాళ్లు హింసిస్తే 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల దాకా జైలు ఉంటుంది. లైంగిక దాడి అయితే పోక్సో చట్టం ప్రకారం తెలిసీ చెప్పకపోవడమూ నేరమే. వీడియోను అపార్టుమెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టడం వీటిలో దేనికీ బదులు కాదు, దానివల్ల మన బిడ్డ ముఖం ఊరంతా తిరుగుతుంది.

కేసు దాకా వెళ్లని వాటికి కూడా, పరువు కోసం నోరు మూసుకుని మనిషిని మార్చుకుంటే ఏజెన్సీ ఆమెను వచ్చే వారం ఇంకో పసిబిడ్డ ఇంటికి పంపుతుంది. ఏ రోజున ఏం చూశామో కాగితం మీద రాసి ఏజెన్సీకి ఇవ్వాలి. అది ముందు ఆమెకు చదివి వినిపించి, ఆమె చెప్పేది కూడా అందులోనే రాయాలి.