ఆలుగడ్డంత రాయి, దాని మీద ఒక లోకం

సముద్రపు అడుగు అనగానే మన కళ్ల ముందు మెదిలేవి రంగురంగుల పగడాలు, వాటి మధ్య గుంపులుగా ఈదే చేపలు. అవి సూర్యరశ్మి చేరే కొద్దిపాటి లోతులో ఉండే దృశ్యాలు. సముద్రపు అడుగులో అత్యధిక భాగం అలా ఉండదు. నాలుగైదు వేల మీటర్ల లోతున, ఏనాడూ వెలుగు సోకని చీకటిలో, అంతులేని బురద మైదానాలు పరచుకొని ఉన్నాయి. అక్కడి నీరు గడ్డకట్టే చలికి ఒకటి రెండు డిగ్రీలు మాత్రమే పైన ఉంటుంది. ఐదు వేల మీటర్ల లోతున ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు 500 రెట్లు. ఇక ఆహారమంటారా, పైనుంచి రాలిపడే తునకలే ఆహారం. చచ్చిన సూక్ష్మజీవులు, చేపల వ్యర్థాలు సన్నని పొడిగా రోజుల తరబడి కిందికి దిగుతూ ఉంటాయి. శాస్త్రజ్ఞులు దీనిని ‘సముద్రపు మంచు’ అంటారు. పైన తయారైన ఆహారంలో నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే అంత లోతుకు చేరుతుంది.

ఇటువంటి చోట బతికే చిన్న ప్రాణులకు అన్నిటికన్నా కొరత దేనికి? తిండికి అని ఎవరైనా చెబుతారు. అది నిజమే. కాని అంతగా మన దృష్టికి రాని మరొక కొరత ఉన్నది. అది కాలు నిలుపుకొనేందుకు గట్టి చోటు. కదలకుండా ఒకచోట అతుక్కొని, నీటి ప్రవాహం మోసుకొచ్చే తునకలను పట్టుకొని తినే జీవులకు మెత్తని బురద పనికిరాదు. వాటికి పునాది కావాలి.

ఆ పునాదిని సమకూర్చేవి నల్లని రాతి గడ్డలు. చూపుకు వంటింట్లోని ఆలుగడ్డల వలె ఉంటాయి. వీటిని నాడ్యూళ్లు అంటారు. 1872 నుంచి 1876 వరకు ప్రపంచ సముద్రాలను చుట్టివచ్చిన బ్రిటిష్ నౌక ‘చాలెంజర్’ తొలిసారిగా వీటిని పైకి తెచ్చింది. ఒక సొరచేప పన్నో, గవ్వ ముక్కో బురద మీద పడుతుంది. దాని చుట్టూ నీటిలో కరిగి ఉన్న మాంగనీసు, ఇనుము, నికెల్, రాగి, కోబాల్టు పొరలు పొరలుగా పేరుకుంటాయి. ఎంత నెమ్మదిగా అంటే, పది లక్షల సంవత్సరాలకు కొన్ని మిల్లీమీటర్ల చొప్పున. పిల్లవాడి పిడికిలిలో ఇమిడే గడ్డకు కూడా పదుల లక్షల ఏళ్ల వయసు ఉంటుంది.

దాని మీద ఎవరెవరు కాపురముంటారో చూడండి. ఒకే ఒక కణంతో ఏర్పడినా, మామూలు కంటికి కనిపించేంత పెద్దవైన జెనోఫయోఫోర్ అనే జీవులు బురద రేణువులను అతికించి గూళ్లు కట్టుకుంటాయి. చేతితో తాకితే రాలిపోయేంత పెళుసు గూళ్లవి. వాటి మలుపులలో చిన్న చిన్న పురుగులు, రొయ్య జాతికి చెందిన అతి చిన్న ప్రాణులు తలదాచుకుంటాయి. నాడ్యూలు పగుళ్లలో చిక్కిన చిటికెడు మట్టిలో సైతం కంటికి కనిపించని సన్నని పురుగులు జీవిస్తాయి. పైభాగంలో కాడలున్న గాజు స్పాంజీలు నిలుస్తాయి. పేరుకు తగ్గట్టే వాటి అస్థిపంజరం గాజును పోలిన సిలికా సూదుల అల్లిక. బురదకు ఎగువన ప్రవాహం కొంచెం బలంగా ఉంటుంది, తిండి కొంచెం ఎక్కువ దొరుకుతుంది. కావున సన్నని చేతులున్న నక్షత్రపు జీవులు ఆ కాడలను పట్టుకొని పైకెక్కి కూర్చుంటాయి. స్పాంజి చచ్చిపోయినా కాడ నిలిచే ఉంటుంది, దాని మీద మరికొన్ని ప్రాణులు చేరుతాయి. హవాయి, మెక్సికోల మధ్య విస్తరించిన క్లారియన్–క్లిప్పర్టన్ అనే ప్రాంతంలో నాడ్యూళ్లున్న చోట, లేని చోట జీవులను పోల్చి లెక్కించినప్పుడు, ఉన్న చోట రెండు రెట్లకు పైగా కనిపించాయి.

ఈ గొలుసులో మమ్మల్ని ఎక్కువగా ఆకట్టుకున్నది ఒక తల్లి కథ. 2016లో హవాయి సమీపంలో 4,290 మీటర్ల లోతున, అప్పటివరకు ఎవరూ చూడని ఒక ఆక్టోపస్ పరిశోధకుల కెమెరాకు చిక్కింది. పాలిపోయిన తెల్లని రంగు, దాదాపు వెలుగు దూరిపోయేంత పలుచని దేహం. ఆ కోవకు చెందినవే పెరూ తీరానికి దూరంగా, నాలుగు వేల మీటర్లకు మించిన లోతున కూడా కనిపించాయి. అక్కడ రెండు తల్లులు గుడ్ల చుట్టూ చేతులు చుట్టుకొని కూర్చొని ఉన్నాయి. ఆ గుడ్లు సుమారు 30 చొప్పున చచ్చిన స్పాంజి కాడలకు అంటించి ఉన్నాయి. ఆ స్పాంజీలు పెరిగినది నాడ్యూళ్ల మీద. అంత చలిలో గుడ్లు పొదగటానికి ఏళ్లు పడుతుంది. కాలిఫోర్నియా తీరంలో 1,400 మీటర్ల లోతున మరొక జాతి ఆక్టోపస్ 53 నెలల పాటు తన గుడ్లను విడిచి కదలకపోవటాన్ని పరిశోధకులు గమనించారు. మరింత చల్లని లోతులో ఉన్న ఈ తెల్లని తల్లి ఇంకెంత కాలం కాపలా కాస్తుందో ఊహించుకోవలసిందే.

ఇప్పుడు ఈ గడ్డల మీద మనిషి చూపు పడింది. వాటిలోని నికెల్, కోబాల్టు మన సెల్‌ఫోన్లకు, విద్యుత్ వాహనాల బ్యాటరీలకు కావాలి. ఏ దేశానికీ చెందని సముద్రపు అడుగు మానవాళి ఉమ్మడి వారసత్వమని 1982 నాటి అంతర్జాతీయ ఒడంబడిక చెబుతున్నది. దాని నిర్వహణ జమైకాలోని కింగ్‌స్టన్ కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థ చేతిలో ఉన్నది. ఇది దూరదేశాల విషయమని పక్కన పెట్టటానికి వీలు లేదు. 2002లో కుదిరిన ఒప్పందం ప్రకారం మధ్య హిందూ మహాసముద్రంలో 75,000 చదరపు కిలోమీటర్లలో నాడ్యూళ్లను అన్వేషించే హక్కు భారతదేశానికి ఉన్నది. తెలంగాణ రాష్ట్రంలో సుమారు మూడింట రెండు వంతులంత ప్రదేశమది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ తయారు చేసిన ‘వరాహ’ యంత్రాన్ని 2021లో 5,270 మీటర్ల లోతున నడిపి చూశారు. వాణిజ్య స్థాయిలో తవ్వకం మాత్రం ఈ మాటలు రాసే నాటికి ప్రపంచంలో ఎక్కడా మొదలు కాలేదు.

తవ్వితే ఏమవుతుంది? దీనికి కొంత సమాధానం ఇప్పటికే సముద్రపు అడుగున రాసి ఉన్నది. 1989లో జర్మన్ శాస్త్రజ్ఞులు పెరూ సమీపంలో సుమారు 11 చదరపు కిలోమీటర్ల మేర బురదను నాగలి వంటి పరికరంతో దున్ని చూశారు. 26 సంవత్సరాల తరువాత, 2015లో తిరిగి వెళ్లగా ఆ చాళ్లు అలాగే ఉన్నాయి. బురదలోని సూక్ష్మజీవుల పని సైతం మునుపటి స్థితికి చేరలేదు. క్లారియన్–క్లిప్పర్టన్ ప్రాంతంలో 1979లో ఒక తవ్వక యంత్రం నడిచిన జాడలు 2023లో కూడా స్పష్టంగా కనిపించాయి. న్యాయంగా చెప్పాలంటే, అక్కడ కొన్ని చిన్న జీవులు తిరిగి చేరటం మొదలైనది. కాని ఒకచోట అతుక్కొని బతికే పెద్ద జీవులు చాలా అరుదుగానే ఉన్నాయి. వాటికి పునాదియైన రాయి పోయింది కదా! అడవిలో చెట్టు నరికితే మొక్క నాటవచ్చును. నాడ్యూలును నాటే ఉపాయం ఎవరి వద్దా లేదు. పైగా యంత్రం లేపిన బురద మేఘం ప్రవాహంతో పక్క ప్రాంతాలకు సాగి, నీటిని వడగట్టుకొని తినే స్పాంజీల మీద కప్పేస్తుంది. యంత్రం వెళ్లని చోటు కూడా పూర్తిగా క్షేమం కాదు.

తవ్వకాన్ని సమర్థించే వారి వాదనలో బలం లేకపోలేదు. నేల మీది గనులు అడవులను, పల్లెలను మింగుతున్నాయి, సముద్రపు అడుగున నిర్వాసితులయ్యే మనుషులు లేరు అని వారంటారు. అయితే సముద్రంలో తవ్వినంత మాత్రాన నేల మీది గనులు మూతపడతాయన్న హామీ ఏదీ లేదు. నికెల్, కోబాల్టు రెండూ అవసరం లేని ఇనుము–ఫాస్ఫేట్ బ్యాటరీలు ఇప్పటికే విరివిగా వాడుకలోకి వచ్చాయి. పాడైపోయి ప్రతి ఇంటి సొరుగులోనూ పడి ఉన్న పాత ఫోన్లలోనూ ఈ లోహాలే ఉన్నాయి. అందుకే ఇంత తొందర అవసరమా అన్నది మా సందేహం.

ఆస్తి పంచుకునే ముందు అందులో ఏమేమి ఉన్నదో జాబితా రాయటం మన ఇళ్లలో అందరికీ తెలిసిన పద్ధతి. ఈ ఉమ్మడి వారసత్వానికి అటువంటి జాబితా ఇంకా సిద్ధం కాలేదు. 2023లో శాస్త్రజ్ఞులు క్లారియన్–క్లిప్పర్టన్ ప్రాంతపు జీవుల వివరాలను ఒకచోట చేర్చగా సుమారు 5,578 జాతులు లెక్కకు వచ్చాయి. వాటిలో దాదాపు 90 శాతానికి ఇంకా శాస్త్రీయ నామం లేదు. అక్కడ తవ్వకానికి దూరంగా ఉంచవలసినవిగా 2012లో తొమ్మిది ప్రాంతాలను, 2021లో మరో నాలుగింటిని గుర్తించారు. మంచి అడుగే. కాని అలా విడిచిపెట్టిన చోట్లలో కొన్నింట నాడ్యూళ్లు తవ్వకం కోరుతున్న చోట్లలో కన్నా తక్కువగా ఉన్నాయి. రాయి తక్కువైన చోట స్పాంజి కాడలూ తక్కువే, ఆ తెల్లని తల్లి గుడ్లు పెట్టేందుకు తావులూ తక్కువే.