ఖైదీ సివిలు అప్పీలుకు రుసుమెవరు కట్టాలి?



శిక్షపడినవాడు ఆ శిక్షపై అప్పీలు చేసుకోదలిస్తే చట్టం అతనికొక దారి చూపింది. అర్జీ వ్రాసి జైలు అధికారి చేతికిస్తే చాలు, దానిని పైకోర్టుకు పంపవలసిన బాధ్యత ఆయనదే. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 383వ సెక్షనులోని ఈ వెసులుబాటు 2024 జూలైలో అమలుకు వచ్చిన కొత్త సంహితలోనూ నిలిచింది. మరి అదే ఖైదీకి ఊళ్ళో ఉన్న పొలం పోతే? సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో అటువంటి దారి లేదు!

మా రెడ్డిగూడెం వైపు మామిడితోటలో అన్నదమ్ముల భాగాల తగవు ఒకటి ఊహించుకోండి. తమ్ముడు రాజమహేంద్రవరం సెంట్రల్ జైలులో ఉండగా తిరువూరు కోర్టు తీర్పు అతనికి ప్రతికూలమైంది. జిల్లా కోర్టులో అప్పీలుకు గడువు 30 రోజులు. రుసుమా, 1956 నాటి మన కోర్టు ఫీజుల చట్టం ప్రకారం ఆస్తి విలువను బట్టి పెరుగుతుంది. జైలు కూలి దానికి ఏ మూలకు?

“పేదవానికి 33, 44 ఆర్డర్లు లేవా?” అంటారు వకీళ్ళు. లేకేం, ఉన్నాయి. పూర్వం పాపరు దావా అనేవారు. 1976 సవరణతో ఆ పాపరు మాట పోయింది, అంతమేరకు సంతోషమే. కానీ ఆ అర్జీని దరఖాస్తుదారు స్వయంగా కోర్టుకు వచ్చి సమర్పించాలట! హాజరు నుండి మినహాయింపు ఉన్నవానికి మాత్రమే, అన్ని ప్రశ్నలకూ జవాబు చెప్పగల ప్రతినిధిని పంపే వీలు. అప్పీలుకూ వీలైనంతవరకు ఇవే నియమాలు. చేతులకు బేడీలున్నవాణ్ణి ‘స్వయంగా రా’ అనడం కన్న హాస్యం మరేమున్నది? పైగా ఇది రుసుము మాఫీ కాదు, వాయిదా మాత్రమే. ఓడితే అతడే చెల్లించాలి. కట్టకుంటే కలెక్టరుగారు భూమిశిస్తు బకాయివలె వసూలు చేయవచ్చు.

1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ఇంతకన్న ఉదారమైనది. 12వ సెక్షను ప్రకారం నిర్బంధంలో ఉన్నవానికి ఆదాయపరిమితితో పనిలేదు. కేసులో పస ఉన్నదని తోస్తే చాలు, కోర్టు రుసుముతో సహా సాయం అందవలసినదే. అంటే డబ్బుకు మార్గమున్నది. ఆ మార్గమొకటున్నదని ముప్ఫై రోజులలోగా ఖైదీ చెవిన వేసేదెవరు? గడువు మీరిన తరువాత మన్నింపు కోర్టువారి దయాధీనం.

ఖైదీలకు తలుపు తెరిస్తే తప్పుడు వ్యాజ్యాలు వరదలా వస్తాయని కొందరి భయం. ఆ భయంతోనే అమెరికావారు 1996లో చట్టం చేసి, అక్కడి ఫెడరల్ కోర్టులలో ఖైదీ పూర్తి రుసుము కట్టవలసిందే అన్నారు. అతని జైలు ఖాతాలో పడే నెలసరి రాబడి నుండి ఇరవై శాతం చొప్పున మినహాయించుకుంటారు. 2016లో వారి సుప్రీంకోర్టు ఎన్ని కేసులుంటే అన్ని ఇరవై శాతాలని తేల్చింది. ఆ కాఠిన్యం నాకు నచ్చదు. అయితే అంతటి చట్టం కూడా చేతిలో పైసా లేనివానిని ఆ కారణంతో అడ్డగించరాదని స్పష్టంగా చెప్పింది. మనవారు ఆ మాటైనా అరువు తెచ్చుకోరాదా?

నేనడిగేది పెద్ద సంస్కరణేమీ కాదు. సివిలు అప్పీలును కూడా జైలు అధికారి పుచ్చుకోవాలి. ఆయన పుచ్చుకున్న తేదీనే దాఖలు తేదీగా లెక్కించాలి. ఆ కాగితంతోపాటే రుసుముకై అర్జీ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోవాలి. శిక్ష వేసిన కోర్టు అతని స్వేచ్ఛను తీసుకున్నది గాని, మామిడితోటలో వాటాను కాదు గదా!