విస్తరి ముందు అతిథి

నలభై దాటిన మనిషికి కొత్తగా ఏదైనా పిచ్చి పట్టుకుంటే ఇంట్లోవాళ్ళకు రెండే అనుమానాలు వస్తాయి: పేకాటా, వేదాంతమా అని. నాకు పట్టుకున్నది ఆ రెండూ కాదు. సముద్రపు ఒడ్డున పక్షులకు ఫోటోలు తీయడం. ప్రబంధాలు పాఠం చెప్పుకునేవాడికి ఇదేం పోయేకాలమని మా ఆవిడ అడగలేదు గాని, సెకండ్‌హాండులో కొన్న పొడుగాటి లెన్సును అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ గొట్టం ఖరీదుకు మంచి గ్రైండరు వచ్చేది సుమండీ" అని మాత్రం అంది.

దీనికి మూలం మా అమ్మాయి. ఇరవయ్యేళ్ళుగా హంసలనూ, చక్రవాకాలనూ, చకోరాలనూ క్లాసులో వర్ణిస్తున్నాను గదా! కాకినాడ తీరాన తడి ఇసుక మీద పరుగెత్తే ఓ బూడిదరంగు పిట్టను చూపించి, "దీని పేరేమిటి నాన్నా?" అంది. ఫోటో తీసుకువెళ్ళి పుస్తకంలో పోల్చుకుందాం అన్నాను. సలీం అలీగారు 1941లో మొదట అచ్చువేసిన భారతదేశపు పక్షుల పుస్తకం ఇప్పటికీ బజార్లో దొరుకుతూనే ఉంది. పుస్తకం సులువుగానే దొరికింది. ఫోటో దొరకడమే కష్టమైంది.

కెమెరా అనేది బహు సోమరి గుమాస్తా. ఎదురుగా ఉన్న వెలుతురునంతా కలిపి, సగటు లెక్క కట్టేసి ఊరుకుంటుంది. నల్లని బురద నడుమ తెల్లకొంగ నిలబడిందనుకోండి. బురదను చూసి, ఇక్కడ చీకటిగా ఉందని వెలుతురు మరికాస్త లోపలికి రానిస్తుంది. తీరా చూస్తే కొంగ ఉన్నచోట సున్నం ముద్ద ఉంటుంది. ఈక అనేది కనబడదు. అంచేత, తెల్లపక్షి అయితే వెలుతురు కాస్త తగ్గించమని దానికి మనమే చెప్పాలి. ఎగిరే పిట్టకైతే సెకనులో 1000వ వంతు కన్నా ఎక్కువసేపు కన్ను తెరవనివ్వకూడదు. తెరిస్తే రెక్కలు పొగలా వస్తాయి. ఇవన్నీ వారం పది రోజుల్లో పట్టుబడే సంగతులే.

పట్టుబడనిదల్లా దూరం. ఎంత పొడుగు గొట్టం పెట్టినా పిట్ట ఇంకాస్త దగ్గరుంటే బాగుండుననిపిస్తుంది. మనం పది అడుగులు వేస్తే అది ఇరవై అడుగులు వేస్తుంది. ఇది ఇవాళ్టి బాధ కాదు. ఇంగ్లండులో రిచర్డ్, చెర్రీ కీర్టన్ అనే అన్నదమ్ములు పక్షుల గూళ్ళను ఫోటోలు తీసి 1895లో పుస్తకం వేశారు. తరవాత, పక్షులు మనిషి ఆకారానికి బెదురుతున్నాయని, ఎద్దు తోలుతో ఓ బోలు ఎద్దును చేయించి, దాని కడుపులో దూరి ఫోటోలు తీశారు! నేను కాకినాడలో ఆ పని చేస్తే మా విద్యార్థులు గంగిరెద్దనుకుని సన్నాయి పట్టుకువస్తారు. ఆ ఆశ వదులుకున్నాను.

శివరాత్రి మర్నాడు, అమావాస్య పూట, తెల్లవారకుండానే కుంభాభిషేకం వైపు బురదనేలకు వెళ్ళాను. దూరాన వందలాది పిట్టలు బారులు తీరి మేస్తున్నాయి. నాలుగడుగులు పరుగు, టక్కున ఆగడం, ఓ పోటు పొడవడం, మళ్ళీ పరుగు. అంతలో ఇద్దరు కుర్రాళ్ళు కెమెరాలతో వచ్చారు. కూర్చున్న గుంపు కంటె ఎగిరే గుంపు ఫోటో అందంగా ఉంటుంది గదా! ఒకడు కెమెరా గురిపెట్టి నిలబడితే, రెండోవాడు చెప్పులు విప్పి పరుగుకు సిద్ధమయ్యాడు.

పక్కనే వల బాగుచేసుకుంటున్న ఓ పెద్దాయన తలెత్తకుండానే, "ఏం బాబూ, విస్తరి ముందు కూకున్నోణ్ణి లేపుతారా ఎవరైనా?" అన్నాడు.

"ఎగిరితే ఫోటో బావుంటుంది తాతా."

"ఎగురుద్ది. దాని కడుపు నిండాక అదే ఎగురుద్ది."

కుర్రాడు కాసేపు తటపటాయించి చెప్పులు తొడుక్కున్నాడు.

ఆ పెద్దాయన మాటను ఇంటికి వచ్చాక పుస్తకాలతో సరిచూసుకున్నాను. అక్షరాలా శాస్త్రమే. ఆ గుంపులో ఇసుక ప్లోవర్లు అనే జాతి పిట్టలున్నాయి. వాటిలో కొన్ని లడఖ్, టిబెట్ ఎత్తుల్లో గుడ్లు పెట్టి, చలికాలానికి మన తీరాలకు దిగుతాయి. శివరాత్రి నాటికి తిరుగు ప్రయాణం దగ్గర పడుతుంది. దారి బత్తెం మూట కట్టుకునే వీలు పక్షికి లేదు. తిన్న పురుగూ పుట్రా ఒంట్లో కొవ్వుగా దాచుకోవాలి. ఎంత కొవ్వుంటే అంత దూరం. ఈ జాతుల ప్రయాణాలెంతటివో చూడండి: 2022 అక్టోబరులో ఐదు నెలల వయసున్న గాడ్విట్ పిల్ల ఒకటి అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మేనియా వరకు, 11 రోజుల్లో సుమారు 13,560 కిలోమీటర్లు ఎక్కడా వాలకుండా ఎగిరింది. దాని ఒంటికి తగిలించిన చిన్న యంత్రం ఆ లెక్క చెప్పింది.

ఒక్కసారి లేపితే ఏం పోయిందండీ అని మీరడగవచ్చు. ఒక్కరే లేపితే పెద్దగా ఏమీ పోదు. కాని వాటికి తిండి దొరికే బురద, సముద్రం వెనక్కి తగ్గి ఉన్న కొద్ది గంటలే బయటపడుతుంది. ఆ కొద్ది గంటల్లో ఒడ్డుకు వచ్చిన ప్రతి కెమెరావాడూ, ప్రతి కుర్రాడూ, ప్రతి కుక్కా ఒక్కొక్కసారే లేపితే, వాటికి తిన్న ముద్ద కంటె ఎగిరిన ఖర్చే ఎక్కువవుతుంది. మనకు ఫోటో దక్కుతుంది. వాటికి ప్రయాణం తప్పుతుంది.

మరి దగ్గర ఫోటో ఎలాగంటారా? దానికీ ఆ పెద్దాయనే ఉపాయం చెప్పాడు. "పోటు మొదలైంది మేష్టారూ. మీరెళ్ళక్కర్లేదు. ఆ పడవ చాటున కూకోండి, నీళ్ళే తోలుకొస్తాయి." ఆటుపోట్లు అనే మాటను నేను జీవితానికి ఉపమానంగా వేలసార్లు వాడి ఉంటాను. వాటికి టైంటేబులుందనీ, రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయనీ, అమావాస్యకూ పున్నమికీ పెద్దవై అష్టమికి చిన్నవవుతాయనీ ఆ వేళ ఒంటికి పట్టింది. ఇప్పుడు నా కెమెరా సంచీలో పంచాంగం కూడా ఉంటోంది.

పడవ నీడన బురదలో చతికిలబడ్డాను. నీరు అంగుళం అంగుళం ఎక్కుతుంటే, పిట్టలు దాని అంచు వెంబడే మేస్తూ మేస్తూ నా వైపు జరిగాయి. గంట గడిచేసరికి ఒకటి పదిహేను అడుగుల దూరానికి వచ్చింది. నా వంక ఓసారి చూసి, మళ్ళీ తన పని చూసుకుంది.

చేతిలో ఫోను మాత్రమే ఉన్న పాఠకులకూ ఒక్క గుర్తు చెబుతాను. మేస్తున్న పిట్ట మేత ఆపి, తలెత్తి నిలబడిందంటే, ఇక చాలు అంటోందన్నమాట. అక్కడే ఆగిపోండి. వీలైతే కూర్చోండి. కాసేపటికి తల దించి మళ్ళీ మేస్తే, మీకు అనుమతి దొరికినట్లే.

ఆ ఉదయం తెచ్చినవి నాలుగే ఫోటోలు. ఒకదానిలో పిట్ట ముక్కున సన్నని పురుగు వేలాడుతోంది. మా అమ్మాయి పుస్తకం తిరగేసి పేరు వెతకడంలో పడింది. మా ఆవిడ ఆ ఫోటోను చాలాసేపు చూసి, "పాపం, ఎంత ఆకలిమీద ఉందో, తిననివ్వండి" అంది. ఆ పూట గ్రైండరు ప్రస్తావన రాలేదు.