38 వేలకు బండి వస్తది తమ్ముడూ, దాని సామాను ఎక్కడ వస్తది?



పోస్టు పెద్దగుంది, ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. పోయిన నెల మన గ్రూపులో ఒక ఫోటో తిరిగింది. ఎత్తు మడ్‌గార్డు, బొడిపెల టైర్లు, ఆకుపచ్చ రంగు, చైనా డర్ట్ బైక్. కింద "కొత్తది, 38 వేలే, లైసెన్సు అక్కర్లేదు, ఆర్‌సీ అక్కర్లేదు" అని రాసి ఉంది. వెంటనే మనోళ్లు "ఎక్కడన్నా?", "అడ్రస్ పెట్టు" అని వరుసకట్టారు. ఒక్కరంటే ఒక్కరు కూడా "చెడిపోతే ఎవరు బాగుచేస్తరు?" అని అడగలేదు. ఆ ప్రశ్న మేము అడుగుతున్నాం. సికింద్రాబాద్‌లో ఒకే రూములో ఉండి చదువుకుంటున్న నలుగురం కలిసి రాస్తున్న మాట ఇది.

మాకెందుకంత మంట అంటే, అలాంటి బండి మా రూము గడప తొక్కి పోయింది.

మాలో చిన్నోడి ఊరు ఏజెన్సీలో ఉంది. తారు రోడ్డు దిగినాక ఆరు కిలోమీటర్లు గుట్టబాట. వాళ్ల నాయన పత్తి పైసలు చేతికి రాగానే 38 వేలు పంపిండు. ఇంట్లో బండి ఉంటే బియ్యం తెచ్చుకోవచ్చు, అక్కకు కాన్పు దగ్గర పడ్డది, దవాఖానకు తీసుకుపోవచ్చు అనుకున్నరు. పాత స్ప్లెండర్ కూడా అదే ధరకు దొరుకుతుంది. కానీ "గుట్టకు ఇదే కరెక్టు, రేసు బండి" అని కొట్టాయన చెప్పిండు, మేము కూడా ఫోటోలు దిగి అవునన్నాం. ఆ తప్పులో మాకూ వాటా ఉంది. 125 సీసీ బండి. బిల్లు మీద మాత్రం "స్పోర్ట్స్ ఐటమ్" అని రాసిచ్చిండు. డీసీఎంలో ఎక్కించి ఊరికి పంపినం.

మొదటి పది రోజులు ఊరంతా దాని చుట్టే. తర్వాత చక్రం పుల్లలు వదులయ్యాయి. ఇంజిన్ పట్టుకునే బోల్టు ఒకటి ఎక్కడో ఊడి పడిపోయింది. చైను సాగి పళ్ల మీద నుంచి జారడం మొదలైంది. నలభై రోజులకు కిక్ కొడితే కాలు ఉత్తగా కిందికి పోయింది. లోపల కిక్ గేరు పళ్లు అరిగిపోయాయి. మండల కేంద్రంలో మెకానిక్ ఇంజిన్ విప్పి చూసి, "ఇది నా దగ్గర లేదు, సిటీల దొరుకుతదేమో" అని ఆ పార్టు మా చిన్నోడి చేతిలో పెట్టిండు.

ఆ అరిగిన గేరును గుడ్డలో చుట్టుకుని మేము రాణిగంజ్‌లో ఒక రోజంతా తిరిగినం. రాణిగంజ్ అంటే తెలుసు కదా, బండి సామానుకు పేరున్న బజారు. ప్రతి కొట్టులో ఒకటే మాట, "శాంపిల్ ఉందా?" ఉంది అని చూపిస్తే తిప్పి తిప్పి చూసి వాపస్ ఇచ్చిండ్రు. ఒక పెద్దాయన మాత్రం ఓపికగా స్ప్లెండర్ గేరు తీసి పక్కన పెట్టి చూపించి, "చూడ్డానికి అన్నదమ్ములే బేటా, పళ్లు కలవవు" అన్నడు. బండి అమ్మిన కొట్టుకు ఫోన్ చేస్తే "మాల్ వచ్చినప్పుడు చెప్తం" అన్నరు. ఆ మాల్ ఇప్పటిదాకా రాలేదు. అక్కకు నొప్పులు మొదలైన రాత్రి ఆమెను డోలీ కట్టి రోడ్డు దాకా మోసినరు. తల్లీ బిడ్డా క్షేమం. బండి మాత్రం చూరు కింద కోళ్లకు దన్నెం అయ్యింది.

ఆ పెద్దాయన అన్నదమ్ములు అన్న మాట ఉత్త మాట కాదు. 110, 125 సీసీ చైనా డర్ట్ బైకుల్లో చాలావాటి ఇంజిన్ హోండా కబ్‌ను చూసి చేసిందే. జపాన్‌లో 1958లో వచ్చిన ఆ బండి వంశంలో సిలిండరు ముందుకు వాలి పడుకున్నట్టు ఉంటుంది. మన సీడీ 100, స్ప్లెండర్‌లలో ఉన్న 97.2 సీసీ ఇంజిన్ కూడా ఆ వంశమే. మరి ఒకటి ముప్పై ఏళ్లు తిరుగుతది, ఇంకొకటి నలభై రోజులకు పడుకుంటది, ఎందుకు? ఒకటి లోహం, ఫిట్టింగ్. రెండోది, మనకు ముఖ్యమైనది, దాని వెనక ఉన్న సామాను, మెకానిక్కు.

1980లలో హీరో హోండా, టీవీఎస్ సుజుకి, బజాజ్ కవాసకి, ఎస్కార్ట్స్ యమహా వచ్చినప్పుడు జపాన్ నుంచి ఊరికే పెట్టెలు దిగలేదు. మెల్లమెల్లగా పార్టుల తయారీ ఇక్కడికి మారింది. 1985లో సీడీ 100 వచ్చినప్పటి నుంచి దాని ప్లగ్గు, క్లచ్ ప్లేట్లు, చైన్ సెట్ ఈ దేశంలోని మెకానిక్కుల చేతుల్లో తిరుగుతున్నాయి. హీరో, హోండా విడిపోతున్నట్టు 2010 చివర్లో ప్రకటించినా ఆ సామాను ఆగలేదు. ఉట్నూరులోనో ఏటూరునాగారంలోనో స్ప్లెండర్ విప్పగల పిల్లగాడు దొరకకపోడు. మనం జపాన్ బండి అని పిలిచేదానికి ఉన్న బలం ఇదే.

కొందరు తమ్ముళ్లు అంటున్నరు, "మీ చేతిల ఫోన్ చైనాదే కదా, బండికి వచ్చేసరికి నామోషీనా?" సరైన ప్రశ్నే. చైనావాళ్లకు మంచి బండి చేయడం రాదని మేము అనడం లేదు. వియత్నాం సంగతి చూడండి. 2000, 2001 ప్రాంతంలో హోండా డ్రీమ్‌ను పోలిన చైనా బళ్లు అక్కడ మూడో వంతు ధరకే వచ్చి బజారును ముంచెత్తాయి. 2002లో హోండా ధర తగ్గించి వేవ్ ఆల్ఫా తెచ్చాక జనం మళ్లీ అటు మళ్లారు. కానీ అదే దేశం ఉత్తరాన కొండల్లో హోండా విన్‌ను పోలిన చైనా బళ్లు ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి తిరిగాయి. అక్కడ రోడ్డు పక్క మెకానిక్కుకు ఆ బండి తెలుసు, సామాను దొరుకుతుంది. కాబట్టి మన తగాదా చైనాతో కాదు. అమ్మినాక ఫోన్ ఎత్తనివాడితో.

ఇప్పుడు "లైసెన్సు అక్కర్లేదు" అనే అబద్ధం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం లెక్కలోకి రానిది 25 సీసీ మించని రెండు, మూడు చక్రాల బండి. 49 సీసీ బుల్లి డర్ట్ బైక్ కూడా ఆ గీత దాటినట్టే. 50 సీసీ లోపు బండిని 16 ఏళ్లకు నడపొచ్చన్న మాట నిజమే, కానీ అదీ లైసెన్సుతోనే. రోడ్డెక్కితే రిజిస్ట్రేషన్ ఉండాలె, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండాలె. "స్పోర్ట్స్ ఐటమ్" బిల్లుకు ఆర్‌సీ రాదు, ఆర్‌సీ లేనిదానికి పాలసీ ఎవడిస్తడు? సంతకు పోతూ ఎవరినన్నా గుద్దితే నష్టపరిహారం మన నాయన కట్టాలె. మన నాయనల దగ్గర ఏముంది? ఎడ్లు, మేకలు, పోడు చెలక. ఇంట్లో మైనర్ పిల్లగాడు నడిపి నేరం చేస్తే పెద్దలకు మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా అని 2019 సవరణ చెప్తుంది. కొట్టాయన చెప్పని లెక్క ఇది.

జపాన్ పేరున్న బండి కొన్నా మన నిర్లక్ష్యం మనల్ని వదలదు. ఇంజిన్ ఆయిల్ నల్లగా చిక్కబడ్డా మార్చం. గుట్టబాట దుమ్ముతో ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే "మైలేజ్ తగ్గింది" అని బండిని తిడతాం. చైనుకు నూనె పెట్టం. ఇట్లయితే ఆర్‌ఎక్స్ 100 అయినా నిలబడదు.

ఇప్పటికే ఆ చైనా బండి కొన్నవాళ్లను మేము నవ్వడం లేదు. కొత్తగా ఉండగానే ఒకసారి ఆయిల్ మార్చండి, అది లోపలి లోహపు రజనును బయటికి తెస్తుంది. వారం వారం పుల్లలు, బోల్టులు బిగించండి. ప్లగ్గు, చైను లింకు దగ్గర పెట్టుకోండి. చేను దాటి రోడ్డెక్కించకండి.

కొనబోయేవాళ్లు మూడే అడగండి. ఆర్‌సీ వస్తదా? దీని క్లచ్ ప్లేట్లు, కిక్ గేరు మా మండలంలో దొరుకుతాయా? మా మెకానిక్ ఇది విప్పగలడా? ఒక్కదానికి "లేదు" వచ్చినా పైసలు జేబులోనే పెట్టుకోండి. పాత బండి చూసేటప్పుడు ఒంటరిగా పోవద్దు. మన గ్రూపులో ఐటీఐలో మెకానిక్ చదివిన తమ్ముళ్లు ఉన్నరు. అన్నలారా, కింద మీ పేర్లు పెట్టండి. ఆదివారం పూట మా దగ్గరికి రండి, టీ మేము పోయిస్తాం, బండి మీరు చూడండి.

ఇంకో అక్క డోలీ ఎక్కకముందే ఈ పని చేద్దాం. జై జోహార్.