వక్కకు ఎన్ని పేర్లు? సుంకానికి ఎన్ని రేట్లు?

విదేశీ సరుకు రేవులో దిగిన తరువాత దాని పేరు గురించి తగవు పడటం మన దిగుమతి వర్తకులకు అలవాటైపోయింది. ధర ముందే తెలుసు, తూకం తెలుసు, నాణ్యం తెలుసు. ఆ సరుకు కస్టమ్స్ టారిఫ్‌లో ఏ అధ్యాయం కిందికి వస్తుందన్నది మాత్రం ఓడ వచ్చాకనే తేల్చుకుంటున్నారు. పేరు ముందు తేలాలి, బేరం తరువాత కుదరాలి. ఈ వరుస తప్పినందువల్లనే చాలామంది పెట్టుబడి రేవు గోదాముల్లో చిక్కుకుంటున్నది.

అమీర్‌పేట, పంజాగుట్ట ఆఫీసుల్లో కూర్చుని వ్యవహారం నడిపే వర్తకునికి ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. బేరం ఇక్కడ కుదురుతుంది, సరుకు చెన్నైలోనో విశాఖలోనో దిగుతుంది, లేదా సనత్‌నగర్ కంటైనర్ డిపోకు చేరుతుంది, అమ్మకం బేగంబజారులో. మధ్యలో సరుకు ఆగిపోతే బ్యాంకు వడ్డీ ఆగదు, కంటైనర్ అద్దె ఆగదు. కేసు గెలిచేనాటికి సరుకు రంగు మారుతుంది, బజారు ధర కూడా మారుతుంది.

వక్క సంగతే తీసుకుందాం. ఎండు వక్క టారిఫ్‌లో 8వ అధ్యాయానికి చెందుతుంది. సుపారీ అనే తయారీ సరుకు 21వ అధ్యాయానిది. వేయించిన గింజలు 20వ అధ్యాయానివి. 2023 నాటి రేట్ల ప్రకారం 8వ అధ్యాయం కింద మూల సుంకం 100 శాతం కాగా, వేయించిన గింజల శీర్షిక కింద 30 శాతం. కిలో 400 రూపాయల సరుకుపై సర్‌చార్జీ, జి.ఎస్.టి. వదిలిపెట్టి లెక్క కట్టినా తేడా 280 రూపాయలు. పది టన్నులకు 28 లక్షలు. ఇంత తేడా ఉన్నచోట ఒకే కాయకు మూడు పేర్లు పుట్టటంలో ఆశ్చర్యం లేదు.

ఈ తగవుకు మూలం మన గుంటూరులోనే ఉన్నదన్న సంగతి చాలామంది మరచిపోయారు. క్రేన్ వక్కపొడి సంస్థకూ ఎక్సైజు శాఖకూ నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2007లో తీర్పు చెప్పింది. వక్కను ముక్కలు చేసి, నూనెలు, మెంథాల్, తీపి పదార్థాలు కలిపినంత మాత్రాన కొత్త సరుకు తయారైనట్లు కాదనీ, వక్క వక్కగానే ఉన్నదనీ ఆ తీర్పు సారాంశం. ఎక్సైజు సుంకం తప్పినందుకు వక్కపొడి వ్యాపారులు సంతోషించారు. ఆ తరువాత ప్రభుత్వం ఇటువంటి మిశ్రమాన్ని తయారీగానే పరిగణించాలని టారిఫ్‌లో నోటు చేర్చింది. అది వేరే కథ.

దిగుమతి వర్తకులు గమనించవలసినది తరువాతి ఘట్టం. ఉడికించి ఎండబెట్టిన వక్కను సుపారీ అంటూ 21వ అధ్యాయం కింద తెచ్చుకుంటే, 8వ అధ్యాయపు వక్కకు విధించిన కనీస దిగుమతి ధర వర్తించదని కొందరు భావించారు. ఈ తగవు 2021లో చెన్నై ట్రైబ్యునల్ ముందుకు వచ్చినప్పుడు, గుంటూరు తీర్పులోని వాదమే దిగుమతిదారులకు ఎదురు తిరిగింది. మెంథాల్ కలిపినా వక్క వక్కే అయినప్పుడు, ఉడికించినంత మాత్రాన వేరే సరుకు ఎట్లా అవుతుంది? సరుకు 8వ అధ్యాయం కిందికే పోయింది. ఒక శాఖ ముందు లాభించిన పేరు ఇంకొక శాఖ ముందు నష్టం తెచ్చింది. పేరు విషయంలో రెండు నాలుకలు చెల్లవని దీనివల్ల తెలుస్తున్నది.

వేయించిన వక్క విషయంలో మాత్రం దిగుమతిదారులే నెగ్గారు. వేయించిన గింజలకు టారిఫ్‌లో ప్రత్యేక శీర్షిక ఉన్నందున అది 20వ అధ్యాయానికే చెందుతుందన్న నిర్ణయాన్ని మద్రాసు హైకోర్టు 2023లో సమర్థించింది. అదే సంవత్సరం ఫిబ్రవరిలో ప్రభుత్వం 8వ అధ్యాయపు వక్కకు కనీస దిగుమతి ధరను కిలోకు 251 నుంచి 351 రూపాయలకు పెంచింది. వేయించిన వక్కకు ఆ నిబంధన లేదు. ఒక తలుపు మూసి పక్క కిటికీ తెరిచి ఉంచినట్లయింది. ఆ కిటికీని 2025 ఏప్రిల్ 2న మూశారు. కిలో 351 రూపాయల లోపు విలువగల వేయించిన వక్క దిగుమతిని నిషేధించారు. రెండేళ్ల తరువాత చేసిన ఈ పని మొదటి రోజే చేసి ఉంటే ఎన్నో కేసులు తప్పేవి.

వక్క ఒక్కటే కాదు. పలాస జీడిపప్పు పరిశ్రమకూ ఇదే బాధ. ఆఫ్రికా నుంచి పచ్చి జీడిగింజలు తెచ్చి ఇక్కడ కొట్టించి పప్పు తీసేవారికి తక్కువ సుంకం, తయారైన పప్పు తెచ్చేవారికి ఎక్కువ సుంకం ఉండటం న్యాయం. అందుకే 2019లో పప్పుపై మూల సుంకం 45 నుంచి 70 శాతానికి పెరిగింది. ముక్కపప్పుకు కిలో 680, గుండుపప్పుకు 720 రూపాయల కనీస ధర పెట్టారు. అయినా పశువుల దాణా పేరుతో పప్పు దిగుతున్నదని పరిశ్రమ వర్గాలు ఫిర్యాదు చేశాయి. పేరు మార్చి తెచ్చినవాడు చౌకగా అమ్ముతుంటే, అసలు పేరుతో సుంకం కట్టినవాడు గుమాస్తా జీతం కూడా చూసుకోలేడు. అందుచేత ఇది వర్తకులకూ శాఖకూ మధ్య తగవు మాత్రమే కాదు. వర్తకునికీ వర్తకునికీ మధ్య తగవు.

రాయితీ కోరేవారు మరింత జాగ్రత్తపడాలి. విటమిన్-ఇ పొడిని రొయ్యల మేతగా చూపి తక్కువ సుంకం కోరిన దిలీప్ కుమార్ అండ్ కంపెనీ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం 2018 జూలైలో తీర్పు చెప్పింది. రాయితీ నోటిఫికేషన్‌లో సందేహం ఉంటే అది ఖజానాకే అనుకూలం. రాయితీ తనకు వర్తిస్తుందని రుజువు చేసుకోవలసిన బాధ్యత కోరినవానిదే. భీమవరం రొయ్యల చెరువులకు మేత దినుసులు తెప్పించే ప్రతివారూ ఈ తీర్పును గుర్తుంచుకోవాలి. వర్గీకరణ మార్చాలంటే రుజువు భారం శాఖదే గాని, రాయితీలో అట్లా కాదు.

శాఖ వైపు తప్పు లేదనటం లేదు. ఒక రేవులో ఒక అధ్యాయం, మరొక రేవులో ఇంకొక అధ్యాయం అయితే వర్తకుడు దేనిని నమ్మాలి? వర్గీకరణలో ఏకరూపత కోసం సూచనలు జారీ చేసే అధికారం కస్టమ్స్ చట్టం 151ఎ సెక్షన్ కింద కేంద్ర బోర్డుకు ఉన్నది. పచ్చి, ఎండు, ఉడికించిన, వేయించిన, ముక్కలు చేసిన - ఇట్లా సరుకు ప్రతి రూపానికీ ఒకేసారి అధ్యాయం, కనీస ధర ప్రకటించాలి. తగవు పడిన సరుకును 18వ సెక్షన్ కింద బాండు తీసుకుని తాత్కాలికంగా విడుదల చేయటంలో జాప్యం తగదు. అటువంటి తాత్కాలిక మదింపులు మామూలుగా రెండేళ్లలో ముగించాలని 2025లో చట్టం మార్చటం మంచి పని. అది అమలులో కనిపించాలి.

ఇక వర్తకుల సంగతి. 2011 నుంచి సుంకం స్వయంగా మదింపు చేసుకునే బాధ్యత దిగుమతిదారు మీదనే ఉన్నది. క్లియరింగ్ ఏజెంటు రాసిన నెంబరు మీద సంతకం చేస్తే ఆ నెంబరు మీదే. కావాలని దాచారని రుజువైతే అయిదేళ్ల వెనుకటి సరుకుకు కూడా నోటీసు రావచ్చు. అప్పీలుకు పోవాలన్నా సుంకంలో 7.5 శాతం ముందుగా కట్టాలి.

దీనికన్నా చౌకైన దారి అడ్వాన్స్ రూలింగ్. ఢిల్లీ, ముంబయిలలో కస్టమ్స్ అథారిటీలు 2021 నుంచి పనిచేస్తున్నవి. దరఖాస్తు రుసుము 10,000 రూపాయలు, నిర్ణయానికి గడువు మూడు నెలలు. అయితే ఆ నిర్ణయం దరఖాస్తుదారునికీ శాఖకూ మాత్రమే కట్టుబాటు. పక్క షాపువాని రూలింగు జిరాక్సు తీసి ఫైలులో పెట్టుకుంటే ప్రయోజనం లేదు. చిన్న వర్తకులు ఒక్కొక్కరూ ఖర్చు భరించలేకపోతే, సంఘాలు నమూనాలు, పరీక్షా నివేదికలు సిద్ధం చేయించి, టారిఫ్ నిపుణుని సలహా ఇప్పించి దరఖాస్తులకు తోడ్పడవచ్చు.

కాయ ఎక్కడ ఎండింది, ఎంతసేపు ఉడికింది, ఏ వేడిలో వేగింది అన్న కాగితం అమ్మకందారు దగ్గర కొనేముందే తీసుకోవాలి. ఆ కాగితం ఇవ్వలేని అమ్మకందారు ఎంత చౌకగా ఇచ్చినా, ఆ సరుకు ఖరీదైనదే.