అన్నప్రాశన మర్నాడు

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో అన్నప్రాశన చూసే ఉంటారు. పాపాయి నాలికకు పాయసం రాస్తారు. ఎదురుగా పుస్తకం, కలం, బంగారం పెట్టి పాకిస్తారు. పాపాయి కలం పట్టుకుంటే ఇంటిల్లిపాదికీ సంబరమే. బాగానే ఉంది. మరి మర్నాటినుంచి ఆ పాపాయి ఏం తింటోంది, ఎంత తింటోంది? ఇది మాత్రం ఎవరూ అంత శ్రద్ధగా చూడరు.

కాన్పు కాగానే వచ్చే ముర్రుపాలు పట్టాలనీ, ఆరు నెలలదాకా తల్లిపాలే చాలు, మంచినీళ్లు కూడా అక్కర్లేదనీ ఇప్పుడు చాలామందికి తెలుసు. చిక్కంతా ఆ తర్వాతే.

ఆరు నెలలు నిండేసరికి, పుట్టుకతో వెంట తెచ్చుకున్న ఇనుము నిల్వలు తరిగిపోతాయి. తల్లిపాలు మానకూడదు, కాని అవొక్కటే చాలవు. ఆరు నుంచి ఎనిమిది నెలల బిడ్డకు పై ఆహారంనుంచి రోజుకు సుమారు 200 కిలోకేలరీలు అందాలి. ఏడాది దాటాక సుమారు 550. బిడ్డ పొట్ట ఎంత? కిలో బరువుకు 30 మిల్లీలీటర్ల చొప్పున లెక్కవేయండి. ఎనిమిది కిలోల బిడ్డ పొట్టలో 240 మిల్లీలీటర్లు, అంటే ఒక గ్లాసుడు పడుతుంది. ఆ గ్లాసును పప్పు మీది తేటతో నింపామనుకోండి. పొట్ట నిండుతుంది, ఏడుపు ఆగుతుంది, శక్తి మాత్రం రాదు. మెత్తగా మెదిపిన పప్పన్నంలో చెంచాడు నెయ్యి కలిపి పెడితే అదే పొట్టలో ఎన్నో రెట్లు శక్తి చేరుతుంది. "చిక్కగా పెడితే అరగదురా" అంటుంది నాయనమ్మ. ఆ భయం ప్రేమలోంచి పుట్టిందే, కాని తప్పు భయం. చెంచాను వంచితే ముద్ద జారిపోకుండా నిలవాలి. అంత చిక్కదనం ఉండాలి.

1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైంది. మన అంగన్‌వాడీలు దానినుంచి వచ్చినవే. తెలుగు రాష్ట్రాల్లో మూడేళ్లలోపు పిల్లల ఇంటికి బాలామృతం పొట్లం ఇస్తారు. అందులో గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటాయి. మంచి ఆహారమే. కాని తీపి వస్తువు ఇంట్లోకి వస్తే ఒక్క పాపాయికే మిగులుతుందా? మీరే చెప్పండి!

పొట్లంతోపాటు మాట కూడా ఇంటికి వెళ్లాలని నా అభిప్రాయం. ఇది ఊరికే అంటున్నది కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నల్లగొండ జిల్లాలో 60 గ్రామాల్లో, 600 మంది తల్లీబిడ్డలతో ఒక ప్రయోగం చేసి, 2013లో ప్రచురించారు. గ్రామాలను మూడు జట్లు చేశారు. మొదటి జట్టుకు మామూలు అంగన్‌వాడీ సేవలే. మిగతా రెండు జట్లలో శిక్షణ పొందిన గ్రామ స్త్రీలు ఏడాదిపాటు ఇళ్లకు వెళ్లి, ఏం పెట్టాలో, ఎలా పెట్టాలో చెప్పారు. మూడో జట్టులో బిడ్డ ఆకలి సైగలు గుర్తించడం, ఆడించడం కూడా నేర్పారు. ఈ రెండు జట్ల పిల్లలూ ఎక్కువ పోషకాలు తిన్నారు. రెండో జట్టువాళ్లు పొడుగులో ముందున్నారు. మూడో జట్టువాళ్లు తెలివితేటల పరీక్షలో ముందున్నారు.

"గుడ్డు కొనలేని ఇంటికి సలహా ఎందుకు?" అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే పొట్లం మానమనడం లేదు. కాని అంగన్‌వాడీ టీచరు పిల్లలకు పాఠం చెప్పాలి, వంట చూడాలి, రిజిస్టర్లు రాయాలి. ఆపైన ఇళ్లకు ఎప్పుడు వెళ్తుంది? ఆ పనికే ప్రతి ఊళ్లో మరొకరిని పెట్టాలి. అలా వచ్చినవాళ్లు తల్లితోనే మాట్లాడి వెళ్లిపోకూడదు. నాట్ల రోజుల్లో తల్లి పొలానికి పోతే, గిన్నె పట్టుకుని కూర్చునేది నాయనమ్మే. లేకపోతే బడినుంచి వచ్చిన అక్క.