వజ్రాన్ని సుత్తితో పరీక్షించవచ్చునా?



తొలకరి పడగానే మన సీమలో ఎన్నో కుటుంబాలు కూలిపని మానుకొని జొన్నగిరి, తుగ్గలి చేలలో వజ్రాలు వెదకబోవడం మీరెరిగినదే. అలా వెళ్లిన మన సంఘ యువకుడొకడు ఒక తెల్లని రాయిని రుమాలులో మూటగట్టి మా యొద్దకు తెచ్చాడు. "అయ్యగారూ, ఇది గాజును గీసింది. సుత్తితో కొట్టినా పగలకుంటే వజ్రమేనంట. కొట్టి చూడనా?" అన్నాడు. వద్దని ఆపాము. కారణం రాతిలోని బంధాలలో ఉంది.

రెండు పరమాణువులు కలిసినప్పుడు తమ మధ్యనున్న ఎలక్ట్రాన్లను తనవైపు లాగుకొనే శక్తిని ఋణవిద్యుదాత్మకత అంటారు. 1932లో లైనస్ పాలింగ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు దీనికి అంకెలు కట్టాడు. నేటి పట్టికలో ఆక్సిజన్ 3.44, కార్బన్ 2.55, సిలికాన్ 1.90, కాల్షియం 1.00. ఇద్దరి మధ్య తేడా సుమారు 1.7 దాటితే ఒకటి ఇచ్చివేస్తుంది, ఒకటి తీసుకొంటుంది. అది అయానిక బంధం. తేడా 0.5 లోపైతే ఇంచుమించు సమానంగా పంచుకొంటాయి. అది సమయోజనీయ బంధం. నడుమనున్నది పంచుకొన్నా ఒకవైపు మొగ్గుతుంది. అది ధ్రువ సమయోజనీయం. ఇవి ఉజ్జాయింపు హద్దులే. హైడ్రోజన్ ఫ్లోరైడులో తేడా 1.78 అయినా అది సమయోజనీయమే.

మన బనగానపల్లె ఇండ్లలో పరచే నాపరాయి సున్నపురాయే. అందులో కాల్షియానికి, ఆక్సిజన్‌కు తేడా 2.44. ఇనుప మేకుతో గీస్తే గీత పడుతుంది, నిమ్మరసం పడితే మరక తేలుతుంది. పలుగురాతిలో సిలికాన్, ఆక్సిజన్‌ల తేడా 1.54. అది గాజును గీస్తుంది గనుక గాజును గీసినదంతా వజ్రం కాదు. వజ్రంలో ఉన్నది కార్బన్ ఒక్కటే, తేడా సున్న.

అయితే మైనపువత్తిలోనూ తేడా స్వల్పమే, అది మెత్తన. కాబట్టి తేడా బంధం ఎటువంటిదో చెబుతుంది గాని గట్టితనాన్ని చెప్పదు. మైనంలో అణువులు విడివిడిగా ఉంటాయి. వజ్రంలో ప్రతి కార్బన్ నాలుగు కార్బన్‌లను పట్టుకొని రాయంతా ఒకే అల్లికగా ఉంటుంది. అందుకే దానిని మరే మామూలు రాయీ గీయలేదు. కాని ఆ అల్లికలో కొన్ని తలాల వెంబడి పట్టు తక్కువ. అక్కడ దెబ్బ తగిలితే అసలు వజ్రమే చీలిపోతుంది. సుత్తి నకిలీని పట్టివ్వదు, నిజమైన దానిని పోగొడుతుంది.

ఆ రాయిని తెలిసినవారు చూసి పలుగురాయన్నారు. యువకుడు చిన్నబుచ్చుకొన్నా మరునాడే కలుపుకు వెళ్లాడు. మీకు రాయి దొరికితే సుత్తి పక్కనబెట్టి, తొందరపడి అమ్మక, ఇద్దరు ముగ్గురు తెలిసినవారికి చూపించండి.